ఇంట్లో ఆట: ఎలా ఉంది సరే, ఎలా చూశారు?

ఈ మధ్య ఇంట్లో కూర్చుని ఏ సినిమా చూశారు, ఎలా ఉందో రాయండి అని పోయిన సంచికలో అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘బాగుంది’, ‘బోర్’, ‘ఒకసారి చూడొచ్చు’. అంతే. ఈ మూడు మాటలూ వీడియో షాపు రోజుల నుంచీ నాకు కంఠతా వచ్చు. అందుకని కాస్త ఓపిగ్గా రాసినవాళ్ళ ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వేయలేదు. ఇంటి సంగతులు కదా, అత్తగార్లు కూడా ఈ పత్రిక చదువుతారు.

*

అక్కా, మొన్న ఇంట్ల ‘బలగం’ మళ్ళా పెట్టిన్రు. మా అత్తమ్మ, మామ, ఆడబిడ్డ అందరు ఏడ్చిన్రు. నాకు ఏడుపు రాలె. సినిమా మంచిగనే ఉంది గని ఆఖర్ల మస్తు సాగదీసిన్రు అనిపించింది. గదే మాట అంటే అందరు నన్ను ఎట్లనో చూసిన్రు. నాది రాతి గుండెనా?
— ఒక కోడలు, కరీంనగర్ జిల్లా

రాతి గుండె కాదమ్మా. ఆ సినిమా ఒంటరిగా ఏడవమని తీసింది కాదు. 2023 మార్చిలో అది విడుదలైనప్పుడు తెలంగాణలో ఎన్నో ఊళ్ళలో పంచాయతీల వాళ్ళు రాత్రిపూట తెర కట్టి ఊరందరికీ ఆడించారు. పక్కన కూర్చున్నవాడు మన పాలివాడే అయి, వాడితో మనకు మాటలు లేకపోతే, ఆ చివరి పాటకు ఏడుపు రాక చస్తుందా? బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే ఆ రోజుల్లో అన్నదమ్ములు కలిసిపోయారని ఊరూరా చెప్పుకున్నారు. మీరు కోడలు. ఆ ఇంటి పాత తగవులు మీవి కావు. మీ అత్తగారు తెర మీద చనిపోయిన తాత కొమురయ్యను చూసి ఏడ్చారో, తన తోడబుట్టినవాళ్ళను తలుచుకుని ఏడ్చారో ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏడుపు కన్నా నాకు అందులో నల్లి బొక్క, అదే మూలుగ ఎముక, గొప్పగా నచ్చింది. ఎప్పుడో విందులో తన విస్తట్లో నల్లి బొక్క పడలేదని అల్లుడు నారాయణ అలిగి వెళ్ళిపోతాడు. ఇరవై ఏళ్ళు మామ గడప తొక్కడు. చదివితే నవ్వొస్తుంది. కానీ మన ఇళ్ళలో పెద్ద తగవుల మొదళ్ళు తవ్వి చూడండి, అడుగున ఇలాంటి బొక్కే దొరుకుతుంది. మా వైపు ఒక ఇంట్లో పెళ్ళి బట్టల్లో ఒక చీర అంచు సన్నగా ఉందని మొదలైన మౌనం ఇప్పటికీ నడుస్తోంది. వేణు యెల్దండి కమెడియన్‌గా ఎన్నాళ్ళో చేసి దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ఇది. చావింట్లో నవ్వు ఎక్కడ పుడుతుందో అతనికి బాగా తెలుసు. తాత పోయాడని ఊరు ఏడుస్తుంటే మనవడు సాయిలుకు అప్పు గుర్తొస్తుంది, నిశ్చితార్థం ఆగిపోతుందేమోనని దిగులు. ఆ భాగమంతా ఎక్కడా తొణకదు. మూడో రోజు కాకి ముట్టలేదు, ఐదో రోజూ ముట్టలేదు అని ఊళ్ళో పుట్టే గుసగుసలు కూడా అంతే.

చివర సాగిందన్న మీ మాటతో నేను సగం ఏకీభవిస్తాను. కాకి ఎందుకు ముట్టడం లేదో మనకు అప్పటికే అర్థమైపోయింది. పాట వచ్చి అదంతా మళ్ళీ విడమరిచి చెబుతుంది. సాయిలు మారడం కూడా తొందర తొందరగా అయిపోయింది. అయినా ఆ పాట తీసేయమని మాత్రం నేను అనను. బుర్రకథో ఒగ్గుకథో విన్న ఊళ్ళో తెలిసిన కథే మళ్ళీ విని ఏడవడం అలవాటు. అన్నట్టు, ఇదే సినిమాలో ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. అది ఈసారి మీరొక్కరే, పొద్దున పనిలో ఉండగా పెట్టుకుని వినండి.

*

మేడమ్ గారూ, దసరాకు 55 అంగుళాల టీవీ కొన్నాం. కొత్త సినిమాలు కూడా డైలీ సీరియల్‌లాగా కనిపిస్తున్నాయి, ఏదో నున్నగా జారిపోతున్నట్టు. ‘మాయాబజార్’ పెడితే మనుషులు లావుగా పొట్టిగా ఉన్నారు. మా అబ్బాయేమో ‘పాత సినిమా అంతే నాన్నా’ అంటాడు. టీవీ పాడైందా?
— విశ్రాంత ఉద్యోగి, ఏలూరు

టీవీ బాగానే ఉందండీ. కాకపోతే దానికి తెలివి ఎక్కువైంది. సినిమాను సెకనుకు 24 బొమ్మల లెక్కన తీస్తారు. మీ టీవీ ఆ బొమ్మల మధ్యన తనంతట తాను కొత్త బొమ్మలు కల్పించి దూరుస్తోంది. క్రికెట్‌కు అది బాగుంటుంది, బంతి చక్కగా కనిపిస్తుంది. సినిమాకు మాత్రం ఆ సీరియల్ వాటం వచ్చేస్తుంది. సెట్టింగుల్లో పిక్చర్ అనే చోటికి వెళ్ళండి. సామ్‌సంగ్ అయితే ‘ఆటో మోషన్ ప్లస్’ అనో ‘పిక్చర్ క్లారిటీ’ అనో, ఎల్‌జీ అయితే ‘ట్రూమోషన్’, సోనీ అయితే ‘మోషన్‌ఫ్లో’ అని ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. కొన్ని టీవీల్లో ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అనే ఉంటుంది, అది నొక్కితే ఈ గొడవంతా ఒకేసారి పోతుంది.

ఇక లావు సంగతి. 1957 నాటి ‘మాయాబజార్’ బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, మన పాత డబ్బా టీవీ ఆకారంలో. దాన్ని వెడల్పు తెరకు సాగదీస్తే శశిరేఖ కూడా ఘటోత్కచుడి అక్కలా తయారవుతుంది. ‘ఒరిజినల్’ అనో ‘4:3’ అనో పెట్టుకోండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. రానివ్వండి. డబ్బులు పోసి కొన్న తెర ఖాళీగా ఉందని కొందరు ‘జూమ్’ నొక్కుతారు. అప్పుడు పైనా కిందా తెగిపోతుంది, ఘటోత్కచుడి కిరీటం ఎగిరిపోతుంది.

అన్నీ సరిచేశాక ‘లాహిరి లాహిరి’ ఒక్క పాట, గదిలో లైటు ఆపి చూడండి. మార్కస్ బార్ట్లీ ఆ నీళ్ళ మీద పరిచిన వెన్నెల చూశాక మీ అబ్బాయి ‘పాత సినిమా అంతే’ అంటే అప్పుడు నాకు మళ్ళీ రాయండి.

*

అమ్మా, నాకు 74. ఈ ఓటీటీ సినిమాల్లో మాటలు వినపడవు. సౌండు పెంచితే ఫైటు వచ్చి ఇల్లెగిరిపోతుంది, కోడలు తగ్గించమంటుంది. నా చెవులదే లోపమా?
— కాకినాడ

కొంత చెవులది, చాలావరకు మిక్సింగుది బాబాయిగారూ. థియేటరు కోసం చేసిన ధ్వనిలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచి వస్తాయి. ఇంట్లో టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి అదంతా కుక్కితే మాట అణిగిపోయి మోత మిగులుతుంది. సినిమా నడుస్తుండగా ఆడియో ఆప్షన్లలో ‘5.1’ ఉంటే తీసేసి మామూలు స్టీరియో ఎంచుకోండి. టీవీ సౌండు సెట్టింగుల్లో ‘క్లియర్ వాయిస్’ లాంటిదో, ‘నైట్ మోడ్’ లాంటిదో ఉంటే పెట్టండి. అదీ చాలకపోతే తెలుగు సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే వేసుకోండి. అందులో నామోషీ ఏం లేదు, మా ఇంట్లో ఇరవై ఏళ్ళ మనవరాలు కూడా వేసుకునే చూస్తుంది.

*

మీరు ఖమ్మంలో వీడియో షాపు నడిపారని ఎక్కడో చదివాను. అప్పట్లో ఇంట్లో సినిమా చూసిన జనం ఎలా అభిప్రాయాలు చెప్పేవారు? ఇప్పటి రివ్యూల కన్నా నిజాయితీగా ఉండేవా?
— జర్నలిజం విద్యార్థి, హైదరాబాద్

నడిపాం. మావారిది రేడియో రిపేరు కొట్టు, అందులోనే ఒక పక్క అర కొట్టి కేసెట్లు పెట్టాం. సాయంత్రాలు కౌంటరు నాది. నిజాయితీ అంటావా నాయనా, అది మనుషులను బట్టి. ఒకాయన ఏ కేసెట్టు తెచ్చి ఇచ్చినా ‘ప్రింటు బాలేదు’ అనేవాడు. అద్దె తగ్గించుకోవడానికి అన్నమాట. సినిమా మీద ఆయన అభిప్రాయం నాకు ఏనాడూ తెలియలేదు. ఒక టీచరుగారు మాత్రం కేసెట్టు డబ్బాలో చీటీ పెట్టి ఇచ్చేవారు: ‘రెండో సగంలో కథ లేదు, తల్లి పాత్ర బాగుంది.’ ఆ చీటీ డబ్బాలోనే ఉంచేసేదాన్ని. తర్వాత తీసుకెళ్ళినవాళ్ళు చదివి, దాని కింద తమ మాట రాసిన సందర్భాలూ ఉన్నాయి.

కానీ అందరికన్నా నిజం చెప్పింది కేసెట్టే. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. కేసెట్టు ఆడించే వీసీఆర్ లోపల హెడ్డు ఉండే డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ టేపును రాసుకుంటూ ఉంటుంది. సినిమా మామూలుగా నడిస్తే టేపు ముందుకు పోతూ ఉంటుంది కాబట్టి ఏ చోటా ఎక్కువ అరగదు. కానీ ఎవరైనా ఒకచోట పాజ్ నొక్కినా, ఒకే ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూసినా అక్కడ టేపు అరుగుతుంది. బొమ్మ మీద తెల్లటి గీతలు పడతాయి. అంటే కేసెట్టు తిరిగొచ్చాక వేసి చూస్తే, జనం ఏ ముక్కను మళ్ళీ మళ్ళీ చూశారో ఆ గీతలు చెప్పేసేవి.

జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ 1987 చివర్లో వచ్చింది. దాని కేసెట్టు మా అరలో ఒక్క పూట నిలిచింది లేదు. ఊళ్ళో పెళ్ళయితే చాలు, అద్దెకిచ్చే వీడియో ప్లేయరు, అంటే వీసీపీతో పాటు అది కూడా పంపాల్సిందే. అందులో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను ఉంది చూడు, సరిగ్గా అక్కడ గీతలు. కొత్త కేసెట్టు తెచ్చినా నాలుగు నెలలకు అక్కడే గీతలు. బ్రహ్మానందం అరగుండు కనిపించే చోట్ల కూడా పడేవి గానీ ఇంత కాదు. ఏ పత్రికలో ఏ సమీక్షకుడు ఏం రాశాడో నాకు గుర్తులేదు, ఆ గీతలు మాత్రం గుర్తున్నాయి. 2025 జులైలో కోట పోయినప్పుడు టీవీల్లో విలన్ పాత్రలన్నీ చూపించారు. నాకు కళ్ళ ముందు ఆ అరిగిన టేపే కదిలింది.

ఒక తేడా చెప్పి ఆపేస్తాను. కేసెట్లు ఎక్కువ ఉండేవి కావు కనుక తెచ్చుకున్నవాళ్ళు మర్నాటికల్లా తిరిగి ఇచ్చేయాలి. ఆలస్యమైతే మరో రోజు అద్దె. అందుకని బాగున్నా బాగాలేకపోయినా ఆ రాత్రే మొత్తం చూసేవాళ్ళు. ఇరుగుపొరుగును కూడా పిలిచేవాళ్ళు, అద్దె గిట్టుబాటు కావాలి కదా. ‘పది నిమిషాలు చూసి తీసేశాం’ అన్నమాట నేను ఆ కౌంటరులో విన్నట్టు గుర్తులేదు. సీడీలు వచ్చాక ఒక సినిమాకు రెండు డిస్కులయ్యాయి, జనం మొదటిది చూసి రెండోది రేపు చూద్దాంలే అనడం అప్పుడు మొదలైంది. కేబులు వాళ్ళు కొత్త సినిమాలు వేయడం మొదలుపెట్టాక మేం కొట్టు మూసేశాం. నీ క్లాసులో ఎవరైనా దీని మీద రాస్తే వీసీపీ అద్దెల గురించి వేరే చెబుతాను, అదో పెద్ద కథ.

*

అందరూ ‘కేరాఫ్ కంచరపాలెం’ అద్భుతం అంటారు. మా రూమ్మేట్స్ పోరు పడలేక చూశాను. నాకు నిద్రొచ్చింది. నిజం చెప్పమంటే నిజంగా నచ్చలేదు. నాకు సినిమా చూడటం రాదా?
— బీటెక్, వరంగల్

ముందు ఎలా చూశావో చెప్పు బాబూ. నువ్వు రాసిన రెండో పేజీలో ఉంది, అచ్చులో వేయలేదు గానీ నేను చదివాను: ఫోనులో, మూడు రాత్రుళ్ళు, కొంచెం 1.5 వేగంలో. మరి నిద్ర రాక ఏమొస్తుంది?

2018లో వెంకటేష్ మహా తీసిన సినిమా అది. విశాఖలోని కంచరపాలెంలోనే తీశారు. నటించినవాళ్ళలో చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకుముందు కెమెరా ముందు నిలబడి ఎరగరు. అందుకే వాళ్ళు మాటకూ మాటకూ మధ్య ఆగుతారు, తడబడతారు, ఎటో చూస్తారు. ఆ ఆగడంలోనే సినిమా ఉంది. నువ్వు వేగం పెంచితే ముందుగా ఎగిరిపోయేది అదే. వైన్ షాపులో పనిచేసే గడ్డం, ముసుగు వేసుకుని రోజూ సీసా కొనడానికి వచ్చే సలీమా. అతనికి కనిపించేవి ఆమె కళ్ళే. మొదట్లో వాళ్ళిద్దరి మధ్య మాటలెన్ని? ఏమీ లేవు. సీసా ఇవ్వడం, డబ్బు తీసుకోవడం, ఒక చూపు. దాన్ని 1.5లో చూస్తే బేరం జరిగినట్టు ఉంటుంది. సలీమాగా వేసింది ఆ సినిమా నిర్మాత పరుచూరి ప్రవీణే. అమెరికాలో డాక్టరు.

ఇంకో సంగతి. అందులో నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. చివర అవి కలిసే చోటు ఉంది, అదేమిటో చెప్పను, నీ పక్కన ఇంకా చూడనివాడు ఉండొచ్చు. మొదటి రాత్రి చూసింది మూడో రాత్రికి గుర్తుంటేనే అక్కడ మనకు ఒళ్ళు ఝల్లుమంటుంది. ముక్కలు చేసి చూసినవాళ్ళలో చాలామంది ‘ఓహో, అలాగా’ అని ఊరుకుంటారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మీ రూమ్మేట్ లాప్‌టాప్‌లో, మామూలు వేగంలో, ఒక్క బిగిన చూడు. అప్పుడు కూడా నచ్చకపోతే నీ మాటే మాట, ఎవరికీ జంకకు. నాకూ అందులో కొన్ని చోట్ల నటన మరీ పచ్చిగా అనిపించింది. ఆఫీసులో అటెండరు రాజు, ఒడిశా నుంచి వచ్చిన అధికారి రాధ, వాళ్ళిద్దరి కథ మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. నలభై తొమ్మిదేళ్ళ పెళ్ళికాని మగాడిని వెక్కిరించకుండా చూపించిన తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

*

మా అత్తగారు ‘గుండమ్మ కథ’ నెలకోసారైనా పెడతారు. డైలాగులు ముందే చెప్పేస్తారు. నాకు పిచ్చెక్కుతోంది. ఏదైనా ఉపాయం?
— భీమవరం

ఉపాయం లేదు. 1962 నుంచీ ఎవరికీ దొరకలేదు.

ఒకటి చేయండి. ఈసారి కథను వదిలేసి సూర్యకాంతం చేతుల్నే చూస్తూ కూర్చోండి. నోటితో గయ్యాళితనం ఎవరైనా చేస్తారు, ఆవిడ ఎడంచేత్తో చేస్తుంది. ఇంకోటి, గుండమ్మ చెడ్డది కాదు, పక్కన చేరినవాడు ఎక్కిస్తే ఎక్కే మనిషి. రమణారెడ్డి ఘంటయ్యను తీసేస్తే ఆ ఇంట్లో సగం గొడవ ఉండదు. ఈ మాట అత్తగారి దగ్గర అని చూడండి, డైలాగులు ఆపి మీతో వాదనకు దిగుతారు. అదైనా మార్పే కదా.

*

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ‘కోర్ట్’ సినిమా ఇంట్లో పెడదామంటే మావారు వద్దంటున్నారు. క్లాసులో అందరూ చూశారట. చూపించవచ్చా? అసలు ఈ యూఏ 13, యూఏ 16 ఏమిటి?
— నెల్లూరు

చూపించండి, కానీ మీరిద్దరూ పక్కన కూర్చుని. ముఖ్యంగా మీవారు.

ముందు ఆ గుర్తుల సంగతి. ఇదివరకు పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాకు యూ/ఏ అని ఒకటే గుర్తు ఉండేది. 2024 నుంచి సెన్సారు వాళ్ళు దాన్ని మూడు చేశారు: ఏడేళ్ళు దాటినవాళ్ళకు, పదమూడు దాటినవాళ్ళకు, పదహారు దాటినవాళ్ళకు. ఓటీటీల్లో ఇలాంటి వయసు గుర్తులు 2021 నిబంధనల నుంచే ఉన్నాయి, అక్కడ వాటిని ఆ సంస్థలే వేసుకుంటాయి. వయసు తక్కువైతే చూడకూడదని కాదు, చూపించాలా వద్దా అని తల్లిదండ్రులు ఆలోచించుకోమని. ఆ పని మీరు చేస్తున్నారు, మంచిది.

సినిమా 2013 నాటి విశాఖలో జరుగుతుంది. పందొమ్మిదేళ్ళ చందు, పదిహేడేళ్ళ జాబిల్లి. జాబిల్లి బంధువు, పరువు పిచ్చి ఉన్న మంగపతి ఆ అబ్బాయిని పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసులో ఇరికిస్తాడు. శివాజీ ఆ పాత్రను వణుకు పుట్టేలా చేశాడు. మా ఇంట్లో చూస్తున్నప్పుడు ఆయన తెర మీదకు రాగానే గదిలో మాట ఆగిపోయేది. ప్రియదర్శి లాయరు సూర్యతేజ. కోర్టు వాదనలు బిగువుగా ఉన్నాయి, చివర ప్రియదర్శి మాట్లాడే మాటలు బడిలో వినిపించదగ్గవి.

ఇక నా పేచీ. ఒకటి, జాబిల్లి మీద ఇంత కథ నడుస్తుంటే ఆ పిల్ల నోరు విప్పేది బహు తక్కువ. మగవాళ్ళంతా ఆమె గురించి మాట్లాడతారు. రెండోది ఇంకా ముఖ్యం. మీ అమ్మాయికి ఈ సినిమా ఒక్కటే చూపించి వదిలేస్తే, పోక్సో అంటే అమాయకులను ఇరికించే చట్టం అనుకునే ప్రమాదం ఉంది. 2012లో ఆ చట్టం తెచ్చింది పద్దెనిమిది నిండని పిల్లలను కాపాడటానికి, అందులో ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ వస్తారు. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి, చెబితే ఏం జరుగుతుంది అన్నది ఆ సినిమా చెప్పే విషయం కాదు. అది మీరు చెప్పాలి. సినిమా అయిపోగానే పడుకోమని తరమకండి. ‘మంగపతి లాంటివాళ్ళు మన చుట్టాల్లో ఉన్నారా?’ అని మీరే అడగండి. మా ఇంట్లో మనవరాలు ఒక పేరు చెప్పింది. మావారు టీవీ కట్టేసి మంచినీళ్ళకు లేచారు.

*

డల్లాస్‌లో ఉంటాం. పిల్లలు తెలుగు మాట్లాడతారు, సినిమాలంటే మాత్రం ‘అరుపులు, ఫైట్లు’ అంటారు. పదేళ్ళు, పన్నెండేళ్ళు. ఏం చూపించమంటారు?

‘35: చిన్న కథ కాదు’ పెట్టండి. 2024లో వచ్చింది. తిరుపతిలో ఒక చిన్నపిల్లాడు. సున్నాకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెట్టగానే పది ఎలా అవుతుంది అని అడుగుతాడు. ఎవరూ సరిగ్గా చెప్పరు, వాడు లెక్కల్లో దెబ్బతింటూ ఉంటాడు. మార్కులను బట్టి పిల్లలను అంకెలతో పిలిచే మాస్టారు వాడికి ‘జీరో’ అని పేరు పెడతాడు. చదువు మధ్యలో ఆగిన తల్లి వాడికి నేర్పడానికి తను లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ ఆ తల్లి. అరుపుల్లేవు, ఫైట్లు లేవు. కాస్త నిదానం. పిల్లలు విసుక్కుంటే సున్నా ప్రశ్న మీరే వాళ్ళను అడగండి, జవాబు కోసం తిరిగి వచ్చి కూర్చుంటారు.

తర్వాత ‘మల్లేశం’. మీ ఇంట్లో పోచంపల్లి చీర ఉండే ఉంటుంది. సినిమాకు ముందు దాన్ని తీసి పిల్లల చేతికివ్వండి. ఆ రంగులు అద్దే ముందు నూలును కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఊపాలి. ఆలేరు దగ్గర పల్లెలో తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం దానికి యంత్రం కనిపెట్టి, తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాలో తల్లిగా ఝాన్సీ చేసింది. యంత్రం ఆగిపోయి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఆగిపోయే ఆ భాగం మీ పన్నెండేళ్ళవాడికి నచ్చుతుందని నా నమ్మకం. రోబోలూ అవీ చేసే వయసు కదా.

*

పెద్ద హీరో సినిమా ఇంట్లో చూసి బాలేదని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా పెద్దమ్మ కొడుకు నాలుగు రోజులు తిట్టాడు. గ్రూపులోంచి బయటికి వచ్చేయనా?
— అనంతపురం

వద్దు, మళ్ళీ చేర్చేది అతనే. ‘బాలేదు’ అని మాత్రం ఇకమీదట రాయకండి. ఏ సీను, ఎందుకు అని ఒక్క వాక్యం రాయండి. ‘ఇంటర్వెల్ తర్వాత హీరో చెల్లెలు ఏమైందో చెప్పనే లేదు’ అన్నారనుకోండి, దాన్ని తిట్టాలంటే అతను కూడా ఆ చెల్లెలి కోసం సినిమా మళ్ళీ చూడాలి.

*

పిన్నిగారూ, ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. సినిమాలు చూస్తున్నాను, అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. మొన్న ‘శంకరాభరణం’ కూడా మధ్యలో ఆపేశాను. ఇదివరకు ఆయన పక్కనుంటే ప్రతి పాటకూ ఏదో ఒకటి అనేవారు, విసుక్కునేదాన్ని.
— అమలాపురం

‘శంకరాభరణం’ మధ్యలో ఆపేశారంటే సినిమా మీద కాదు కోపం, గది మీద. పాట అయిపోగానే ‘ఆహా’ అనడానికి పక్కన మనిషి లేకపోతే అది సగమే. నాకు మీ ఆయన పరిచయం లేకపోయినా ఆ ‘ఏదో ఒకటి’ వినాలనిపించింది.

మీ ఉత్తరంలో రాజోలులో అక్కయ్య ఉన్నారని రాశారు. ఆవిడ ఇంట్లో టీవీ ఉంటే సరే. ఇద్దరూ ఒకే సినిమా ఒకే సమయానికి పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి అనుకుంటే ఆరింటికి ఫోను చేసి ‘పెట్టావా’ అని అడిగి మొదలుపెట్టండి. ఇంటర్వెల్‌లో పది నిమిషాలు ఫోను. ఆ పది నిమిషాలు ఎలాగూ గంట అవుతుంది, అవనివ్వండి, సినిమా ఎక్కడికీ పోదు. మొదట ‘శంకరాభరణం’ వద్దు. ‘మిస్సమ్మ’ పెట్టండి, 1955 సినిమా అయినా పేచీలకు లోటు లేదు. సావిత్రి వేసిన ఆ పాత్రకు ముందు భానుమతిని అనుకున్నారు, అది మీ అక్కయ్యకు చెప్పండి, ‘భానుమతి అయితేనా...’ అని ఆవిడే మొదలుపెడతారు. శంకరశాస్త్రి దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు.

ఏమనుకున్నారో నాకు కూడా రాయండి. కార్డు ముక్క చాలు.

*

అందరినీ అడుగుతారు, మీరేం చూశారు?
— గుంటూరు

మీ ఊరి సినిమానే. ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’, ఓటీటీలో 2020లో వచ్చింది, నేను ఇప్పుడు మళ్ళీ చూశాను. కొలకలూరు కుర్రాడు గుంటూరులో హోటలు పెట్టి బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకుంటాడు. పొద్దున పూట, మావారితో, ఇడ్లీ తింటూ చూశాం. తండ్రిగా గోపరాజు రమణ కొడుకును తిట్టే తిట్లకు మావారికి పొలమారింది. ఆ తిట్లలో ప్రేమ ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు, పైనే తేలుతూ ఉంటుంది. రెండో సగంలో కథ ఒక అడుగు ముందుకు రెండడుగులు వెనక్కి వేస్తుంది, జాతకాల పిచ్చి ఉన్న స్నేహితుడి గొడవ కొంచెం తగ్గించాల్సింది.

అసలు ఫిర్యాదు వేరే. అంత సినిమా తీసి ఆ చట్నీలో ఏం వేస్తారో సరిగ్గా చూపించలేదు. మా ఇంట్లో శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త చింతపండు పులుసు. మావారు అల్లం పడాలంటారు. గుంటూరు వాళ్ళు ఏం వేస్తారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.